ఒంటిగంటా పన్నెండుకి తెరిచే తలుపు

నాలుగింటికి పోలీసులు వస్తారు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది.

ల్యాబు వెనకవైపు గాజుసామాను కడిగే గదిలో ఇద్దరు ఎదురెదురుగా స్టూళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఒకరు ముంగి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు అతని నోట మాట పెగిలేలోపు తోటివాళ్లు టీ తాగి వచ్చేవాళ్లు. అప్పుడు పెట్టిన పేరిది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా పేరు మాత్రం వదల్లేదు.

రెండో మనిషి కాలమ్ అక్క. ప్రొటీన్‌ని వడకట్టి శుభ్రం చేసే పొడుగాటి గాజుగొట్టాన్ని అక్కడ కాలమ్ అంటారు. దాన్ని ఆమెలా నడిపే చెయ్యి ఇంకొకటి లేదని ల్యాబంతా ఆమెని అలాగే పిలుస్తుంది. యాభైకి దగ్గరపడిన మనిషి. నిన్న మధ్యాహ్నం ఫ్రీజర్‌లోంచి నలభై ట్యూబులున్న పెట్టె ఒకటి మాయమైంది. దొంగ ఆమేనని సెక్యూరిటీ ఆఫీసరు తేల్చేశాడు. కాదని చూపించమని ఉద్యోగుల సంఘం వాళ్లు ముంగిని పిలిపించారు.

"నిన్న ఒంటిగంటా పన్నెండుకి చల్లగది తలుపు మీ కార్డుతో తెరుచుకుంది" అన్నాడు ముంగి.

"అవునండి."

"ఏం పని మీద?"

"పనేం లేదండి. రోజూ ఆ టైముకి వెళ్లి, ఫ్రీజర్ తలుపు తీసి, ఒకసారి చూసి వచ్చేస్తాను."

ముంగి ఇంకేమీ అడగలేదు. అవతలి మనిషి దగ్గర ఇంకా ఏదో ఉందని తెలిస్తే అతను అడగడు, ఊరుకుంటాడు. పంపులోంచి చుక్కచుక్కగా నీళ్లు పడుతున్నాయి. ఆమె లేచి పంపు బిగించి వచ్చి కూర్చుంది.

"ఆ పెట్టెలో ఉన్నది మా చెల్లెలిదండి."

"అర్థమయ్యేట్టు చెప్పండి."

"కణం గోడలో ఒక కాపలావాడు నిలబడ్డాడనుకోండి. సగం బయటికి, సగం లోపలికి. బయట ఎవరైనా వచ్చి తాకితే లోపల గంట కొడతాడు. గంట మోగితే కణం పెరుగుతుంది. ఆ కాపలావాణ్ణి రిసెప్టర్ అంటారు. మా చెల్లెలి ఒంట్లో వాడు చెడిపోయాడు. బయట ఎవరూ రాకపోయినా గంట కొడుతూనే ఉన్నాడు. గడ్డ పెరుగుతూనే ఉంది." ఆమె వేళ్లు గాలిలో దండ గుచ్చుతున్నట్టు కదిలాయి. "ప్రొటీన్ అంటే పూసలదండ లాంటిది. వెయ్యికి పైన పూసలుంటాయి. దానిలో తేడా వచ్చింది ఒక్క పూసే. ఆపరేషన్‌లో తీసిన ముక్క పరిశోధనకి ఇస్తావా అని డాక్టర్లు అడిగితే అదే సంతకం పెట్టింది. పోన్లే అక్కా, నాలో ఏదో ఒకటైనా మంచి ఉద్యోగంలో చేరింది అని నవ్వింది."

"ఎప్పుడు పోయారు?"

"ఆరేళ్లయింది. మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండుకి. ఇరవై ఏడేళ్లు దానికి. దాని ముక్కలోంచి తీసిన జన్యువుని పురుగు కణాల్లో పెట్టి ఇక్కడ ప్రొటీన్ చేయిస్తున్నారని తెలిసి, సీసాలు కడిగే పనికి చేరాను. అది ఎక్కడుందో అక్కడే ఉందామని. తర్వాత కాలమ్ నేర్చుకున్నాను. అయిదేళ్లుగా దాన్ని నా చేతులతోనే శుభ్రం చేసి, ట్యూబుల్లో పోసి, పెట్టెలో పెడుతున్నాను."

ముంగి కిటికీ వైపు చూశాడు. అతని తమ్ముడు ఇంట్లోంచి వెళ్లిపోయి ఇరవై ఒక్క ఏళ్లయింది. ఎవరెవరి మనుషులనో వెతికి తెచ్చాడు గాని ఆ ఒక్కడూ దొరకలేదు. ఇప్పటికీ బస్సెక్కితే కిటికీ పక్కనే కూర్చుంటాడు, ఆగిన ప్రతిచోటా మొహాలు చూడటానికి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"మీ ఇంట్లో ఫ్రిజ్‌లో ఒక ట్యూబు దొరికింది. పాలప్యాకెట్ పక్కన."

"అవునండి."

"ఇంటి ఫ్రిజ్‌లో అది బతకదని మీకు తెలీదా?"

"తెలుసు. చచ్చిపోయిందే తెచ్చుకున్నాను. ఒకసారి కరిగించిన ట్యూబు మళ్లీ పనికిరాదండి, పారేస్తారు. అందుకే కొంచెంకొంచెంగా చిన్న ట్యూబుల్లో పోస్తాం, ఒక్కోటీ ఒక్కసారికే. అది మొట్టమొదటి విడతలోది. కడగడానికి వచ్చిన తొట్టిలో కనపడింది. పారేసేదే కదా అని జేబులో వేసుకున్నాను." మళ్లీ తనే అంది, "ఆఫీసరుగారికి ఇదే చెప్పాను. చచ్చినదాన్ని ఎవరైనా దాచుకుంటారా అన్నారు."

"పెట్టె పోయిందని ముందు చెప్పింది ఎవరు?"

"నేనే. రేపు బయటి బృందం ఒకటి వస్తోంది. దండలో పూసల్ని వరసగా చదివి, మనం చెప్పిన సరుకేనా కాదా అని చూస్తారట. వాళ్లకి నాలుగు ట్యూబులు తీసిపెడదామని మూడింటికి వెళ్లాను. ఆరో అర లాగితే ఖాళీ."

ముంగి చేతిలోని కాగితం చూశాడు. "కంప్యూటర్‌లో మూడో అర అని ఉంది."

ఆమె మొహంలోకి మొదటిసారి సిగ్గు లాంటిది వచ్చింది. "పోయిన నెల నేనే మార్చానండి. మూడో అర పైవైపు ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా బయటి వేడి ముందు పై అరలకే తగులుతుంది. రోజూ తీసేది నేనే కదా. నా చూపు వల్ల దానికి చెడు జరగకూడదని కిందికి దించాను. కంప్యూటర్‌లో ఎక్కించాలంటే కారణం రాయాలి. ఏమని రాయను?"

"ఎవరికైనా చెప్పారా?"

"లేదండి."

ముంగి లేచాడు. పన్నెండున్నర అయింది.

చల్లగది గుమ్మంలోనే సెక్యూరిటీ ఆఫీసరు ఎదురుపడ్డాడు. ఎండలు మండుతున్నా కోటు విప్పడు గనక అందరూ అతన్ని కోటు అనే అంటారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పనిచేశారు.

"ఏం ముంగీ, నోరు తెరిచావా ఇవాళ? లేక సైగలతోనే విచారించావా?"

"ఫ్రీజర్ తెరవాలి."

"సీలు వేశాను. నిన్న మూడుంబావుకి. ఆవిడ ఆరో అర లాగి చూపించింది, మూసింది, సీలు వేశాను. ఇంకేం చూస్తావు దాన్లో? కార్డు చూడు. నిన్న పన్నెండు నుంచి మూడు దాకా ఈ తలుపు మీద పడింది ఒక్కటే కార్డు. ఆవిడది." లేబులు ఫోటో ఉన్న కాగితం ఊపాడు. "మానవ రిసెప్టర్ టై... టైరోసిన్ కైనేజ్. చూశావా, చదవడానికే నాలుక మడతపడుతోంది. ఇది దొంగతనం చెయ్యాలంటే తెలిసినవాళ్లే చెయ్యాలి."

"అది నిజమే. తెరువు."

కోటు గొణుక్కుంటూ సీలు తీశాడు. తలుపు తెరుచుకోగానే తెల్లటి పొగ కాళ్ల మీదికి దిగింది. మైనస్ ఎనభై. లోపల పది అరలు, వరసగా, ఇనుప సొరుగుల్లా ఉన్నాయి. ముంగి చెయ్యి పెట్టలేదు. వంగి చూశాడు. పొద్దున్నే గడ్డి మీది మంచు చూసి రాత్రి ఎవరి పశువు ఎవరి చేలో పడిందో చెప్పే ఊళ్లో పెరిగినవాడు అతను.

"మొదటి రెండు అరల అంచుల మీద చూడు. మంచు ఎంత మందం ఉంది?"

"వేలెడు."

"ఏడు నుంచి పది దాకా?"

"అంతే."

"మూడు, నాలుగు, అయిదు, ఆరు?"

కోటు ఒకసారి కళ్లు చికిలించాడు. ఆ నాలుగింటి అంచుల మీదా పాత మంచు రాలిపోయి, కొత్తది పొడిపొడిగా, పిండి చల్లినట్టు ఉంది.

"ఆవిడ ఆరో అర ఒక్కటే లాగిందన్నావు. మిగతా మూడూ ఎవరు లాగారు?"

"ఆవిడే. వెతుక్కుని ఉంటుంది."

"తను పెట్టిన చోటుని తనే వెతుక్కుందా?" ముంగి తలుపు మూయించి ఫ్రీజర్ పక్కన గోడకి తగిలించిన యంత్రం దగ్గరికి వెళ్లాడు. లోపలి చలి ఎప్పుడు ఎంతుందో గుండ్రటి కాగితం మీద పెన్ను గీస్తూ ఉంటుంది. తలుపు తీస్తే గీత పన్నులా పైకి లేస్తుంది. నిన్నటి కాగితంలో ఒంటిగంటా పన్నెండు దగ్గర చిన్న పన్ను. ఇరవై సెకన్లు. ఒకటీ నలభై ఏడు దగ్గర పెద్ద కోర. మూడు నిమిషాల పైమాట. మూడింటి దగ్గర ఇంకో రెండు.

కింది సొరుగులో పాత కాగితాల కట్ట ఉంది. ముంగి ఒక్కొక్కటే తిప్పాడు. ప్రతి కాగితం మీదా ఒంటిగంటా పన్నెండు దగ్గర ఆ చిన్న పన్ను ఉంది. ఎండాకాలంలోనూ, వానాకాలంలోనూ. ఒక్క రోజు కూడా ఇరవై అయిదు సెకన్లు దాటలేదు. చూపు ఎంతసేపు ఉంటే సరుకుకి చెడు చెయ్యదో ఆమె లెక్క కట్టుకుంది కాబోలు. ఆదివారాలు మాత్రం గీత చదునుగా పోయింది. ఆ చదును గీతల దగ్గర ముంగి వేలు కొంచెంసేపు ఆగింది.

"అయ్యవారూ, ధ్యానమా?" అన్నాడు కోటు.

"పెట్టె పోయింది ఒకటీ నలభై ఏడుకి. తీసినవాడు కంప్యూటర్‌లో చూసుకుని మూడో అరకి వెళ్లాడు. లేదు. నాలుగు లాగాడు, అయిదు లాగాడు, ఆరులో దొరికింది. ఆవిడైతే కళ్లు మూసుకుని తీస్తుంది. పైగా ఆ టైముకి ఆవిడ క్యాంటీన్‌లో ఉంది. నీ మెషీనే చెబుతుంది, అడుగు."

కోటు ఫోన్‌లో అడిగాడు. ఒకటీ ఇరవైకి భోజనం టోకెన్. రెండింటికి ప్లేటు వెనక్కి ఇచ్చిన ముద్ర. మొహం ఎర్రబడింది గాని తగ్గలేదు.

"సరే. మరి నీ రెండో దొంగ కార్డు లేకుండా ఈ తలుపులోంచి ఎలా వచ్చాడు? పొగలో కలిసి వచ్చాడా?"

ముంగి తలుపుని పైనుంచి కింది దాకా చూశాడు. బయటికి నడిచాడు.

వెనక వరండాలో సిలిండర్ల మనిషి ఖాళీ సిలిండర్ మీద కూర్చుని బూటులోంచి రాయి దులుపుకుంటున్నాడు. చల్లగదిలో ఉన్న పెద్ద డబ్బాల్లో చలి కోసం ద్రవ నైట్రోజన్ పోసేది అతనే. ముంగి పక్కనే ఇంకో సిలిండర్ మీద కూర్చున్నాడు.

"ఏ రోజు పోస్తావు?"

"వారానికొకసారి. నిన్నే పోశాను. ఒకటిన్నర నుంచి రెండు దాకా."

"పోసేటప్పుడు తలుపు?"

"వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుని బార్లా తెరిచి, కింద చెక్క అడ్డం పెడతాను. రూలండి అది. మూసుకుని పోస్తే ఆ పొగ గదిలో గాలిని మింగేస్తుంది. నేను అక్కడే గుటుక్కుమంటాను. నా పెళ్లాం ఇంకో సిలిండర్ల మనిషిని చూసుకోవాలి."

"ఈ సంగతి ఆఫీసరుకి చెప్పలేదే?"

"ఆయన నన్ను కార్డు అడిగారు. నాకు కార్డు లేదన్నాను. సరే పో అన్నారు."

ముంగి నవ్వాడు. "నిన్న ఎవరైనా వచ్చారా?"

"పెద్దాయన వచ్చారండి, డైరెక్టర్‌గారు. నేను పైపు చూస్తుంటాలే, నువ్వు వెళ్లి టీ తాగిరా అన్నారు. ఏళ్ల తరబడి పోస్తున్నాను, ఇన్నాళ్లకి ఒక్కరు టీ తాగమన్నారు. వదులుకుంటానా?"

"ఎన్నింటికి?"

"ఒకటీ నలభై అయిదు. క్యాంటీన్‌లో టీ లేదు. భోజనాల టైమని పొమ్మన్నారు."

డైరెక్టర్ గదిలోకి ముంగి అడుగుపెట్టేసరికి మూడూ ఇరవై. బల్ల మీద ఫిర్యాదు కాగితం సంతకం కోసం సిద్ధంగా ఉంది. కోటు బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. కాలమ్ అక్క తలుపు దగ్గర కుర్చీ అంచు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డైరెక్టర్ జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్లజోడు మాటిమాటికీ తుడుస్తున్నాడు.

రేపు సరుకుని చదువుతారనగా, ముందే దాన్ని మాయం చేసే మనిషికి అది చదివేస్తారన్న భయం తప్ప ఇంకేం ఉంటుంది? ఆ భయం ఏమిటో ముంగికి సగం తట్టింది. తట్టిన సగమే బాగాలేదు. అతను కాలమ్ అక్క దగ్గరికి వెళ్లి తగ్గిన గొంతుతో అన్నాడు, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చుంటే మంచిది."

"నా గురించే కదండీ మాట్లాడేది. ఉంటాను."

ముంగి తల ఊపాడు. బల్ల దగ్గరికి వచ్చి, "నిన్న సిలిండర్ల మనిషిని టీకి పంపారట" అన్నాడు డైరెక్టర్‌తో.

కళ్లజోడు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. కోటు ఒకసారి ముంగినీ ఒకసారి పెద్దాయననీ చూశాడు.

"ఒకటీ నలభై అయిదుకి. తలుపు తెరిచే ఉంది, కార్డు అక్కర్లేదు. మూడో అరలో పెట్టె లేకపోయేసరికి ఇంకో మూడు లాగారు. ఏం చేశారు దాన్ని?"

డైరెక్టర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "క్రిముల్ని చంపే ఆవిరి పెట్టెలో వేశాను. ఏమీ మిగల్లేదు."

"సార్" అన్నాడు కోటు.

"పెట్టె ఎవరో పొరపాటున పారేశారని అనుకుంటారులే అనుకున్నాను. ఆవిణ్ణి పట్టుకుంటారనుకోలేదు. పట్టుకున్నాక..." సంతకం పెట్టని కాగితాన్ని పక్కకి జరిపాడు. "పొద్దుటి నుంచి కలం మూత తియ్యలేకపోతున్నాను."

"రేపు వాళ్లు చదివితే ఏం తెలిసేది?"

డైరెక్టర్ కాలమ్ అక్క వైపు చూడలేదు. "ఆ తేడా పూస అందులో లేదని."

డైరెక్టర్ బల్ల వైపే చూస్తూ చెప్పాడు.

"ఆ అమ్మాయి పోయిన మూడో నెల. వరసగా సెలవులు వచ్చాయి. విత్తనం కణాలున్న డబ్బాలో నైట్రోజన్ అయిపోయింది. పోయాల్సినవాళ్లు పోయలేదు. తెరిచి చూస్తే లోపల గోరువెచ్చగా ఉంది. ఆమె ముక్క, దాని నకళ్లు, పెంచిన కణాలు, అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే పెట్టాను. ఎవరూ అలా పెట్టరు. చదువుకునే పిల్లలు కూడా చెయ్యని తప్పు. మంచి జన్యువులో ఆ ఒక్క పూసా మార్చి మళ్లీ చేద్దామని చూశాను. కుదర్లేదు. ప్రతిసారీ ముద్దకట్టుకుపోయింది."

"అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు ముంగి.

"చెబుదామనే బయటికి వచ్చాను. వరండాలో ఈవిడ సీసాల తోపుడుబండి పట్టుకుని నిలబడి ఉంది. సెలవుల్లో చూడలేదు కదా. ఎలా ఉందండీ అని అడిగింది. ఆస్పత్రిలో వార్డు బయట నిలబడి అడుగుతారే, అలా." ఆయన కళ్లజోడు మళ్లీ తీశాడు. "బాగానే ఉందమ్మా అన్నాను. ఆ మాట మొదట్లో ఆవిడ కోసం. తర్వాత్తర్వాత నా కోసం. పరీక్షల్లో గంట దానంతటదే మోగినట్టు అంకెలు నేనే రాశాను. వ్యాసాలు వచ్చాయి. అరవై ల్యాబులకి ట్యూబులు వెళ్లాయి."

"వీళ్ల ఇంట్లో దొరికిన ట్యూబు?"

"మొదటి విడత. అదొక్కటే ఆ అమ్మాయిది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు."

కోటు గబుక్కున జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీశాడు. సాక్ష్యంగా రాసి ముద్ర వేసిన సంచీ. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు గాని, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి వెళ్లి కాలమ్ అక్క ఒళ్లో పెట్టాడు. ఆమె దాన్ని చూసింది గాని ముట్టుకోలేదు.

ముంగికి ఇంకొక ప్రశ్న మిగిలింది. అడగకుండా వదిలేస్తే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"మరి ఇన్నేళ్లూ ఆవిడ చేతులతో చేసి పెట్టెలో పెట్టింది ఎవరిది?"

"పోలికకి ఉంచిన మంచి జన్యువు. చెడిన పూస ఏదో తెలియాలంటే పక్కన చెడనిది ఉండాలి కదా. దగ్గరి రక్తసంబంధమైతే మేలు. మిగతా పూసలన్నీ కలుస్తాయి." డైరెక్టర్ అక్కడితో ఆగిపోయాడు.

కాలమ్ అక్క ఎడమచేతి మోచేయి మడతని కుడిచేత్తో మెల్లగా రుద్దుకుంది.

"ఆస్పత్రిలో ఆ రోజు నా దగ్గర కూడా రెండు సీసాల రక్తం తీశారు" అంది.

"అవునమ్మా."

"నాదేనా?"

"నీదే."

కోటు ఫిర్యాదు కాగితాన్ని బల్ల మీద నుంచి తీసి నాలుగు మడతలు పెట్టి చింపేశాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. ఇక ఆమెని పట్టుకునేవాళ్లు లేరు. అది ఆమెకి చెప్పాల్సిన మాట. ఎలా మొదలుపెట్టాలో ముంగికి తోచలేదు. ఆమె ఏడవలేదు. రోజుల లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"ఏ తారీకండి?" అంది డైరెక్టర్‌తో.

"ఏది?"

"డబ్బాలో అది పోయింది ఏ రోజు?"

"పదహారు నుంచి పద్దెనిమిది దాకా సెలవులు. ఆ మూడు రోజుల్లో ఎప్పుడో."

"ఎప్పుడో అంటే?"

"తెలీదమ్మా. దాని దగ్గర ఎవరూ లేరు."



"పదిహేడో తారీకు మధ్యాహ్నం నేను గేటు దాకా వచ్చానండి. రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతానన్నాను. ఇవాళ సెలవు, లోపల ఎవరూ లేరు, రేపు కాక ఎల్లుండి రా అన్నాడు వాచ్‌మన్. సరేలే అని వెళ్లిపోయాను."